కాషన్ ఎవరు కట్టాలి?

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి దగ్గర్లో, ఒక ప్లీడరు గారి వరండాలో నడిచిన వాదన ఇది. వాదించుకున్నది బావాబావమరుదులు. ఒకరు సివిలు దావాలు నడిపే ప్లీడరు. రెండోవారిది పలాస, రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. రైల్వే ఆ పేరు పెట్టి ఎన్నేళ్లయినా తనని తాను డ్రైవరనే చెప్పుకుంటారు. ఆ రోజు మనవరాలిని ఇంజనీరింగులో చేర్పించి, ఫీజు రసీదు చేత్తో పట్టుకుని నేరుగా బావగారింటికొచ్చారు. నేను పక్కింటివాణ్ని. పేపరు కోసం వెళ్లి ఇరుక్కుపోయాను.

డ్రైవరు: ఇది చూడు బావా. ట్యూషన్ ఫీజు, సరే. లైబ్రరీ, సరే. ఇదేటి, కాషన్ డిపాజిట్టంట! సర్వీసంతా కాషన్లు తీసుకుంటూ బతికినోణ్ని నేను. దానికి ఎదురు డబ్బు కట్టమన్న స్టేషన్ మాస్టర్ని మాత్రం చూళ్లేదు.

ప్లీడరు: నీకు స్టేషన్లో ఇచ్చింది కొత్త కాషన్ బావా. ఈ కాలేజీవాళ్లు అడిగిందే పాతది.

డ్రైవరు: పాతదంటే?

ప్లీడరు: ఆ మాట లాటిన్లోంచి వచ్చింది. కవేరె అంటే జాగ్రత్తపడడం. దాన్నుంచి కౌతియో. రోమన్ల న్యాయశాస్త్రంలో కౌతియో అంటే ‘జాగ్రత్త నాయనా’ అని చెప్పడం కాదు. రేపు నావల్ల నీకు నష్టమొస్తే నేను కట్టుకుంటానని ఇవాళే ఇచ్చే పూచీ. అచ్చంగా జామీను. స్కాట్లండు కోర్టుల్లో ఇప్పటికీ పూచీకత్తుని కాషన్ అనే రాస్తారు, పలకడం మాత్రం కేషన్ అని పలుకుతారు. ఇంగ్లండులో కాలేజీలో చేరేటప్పుడు కట్టించుకునే సొమ్ముని కాషన్ మనీ అన్నారు. అదే మన కాలేజీలకీ వచ్చింది. ల్యాబులో ఏదైనా పగిలితే అందులో పట్టుకుంటారు, లేకపోతే చదువయ్యాక తిరిగిస్తారు.

డ్రైవరు: తిరిగిస్తారా! మా పెద్దోడిది ఇంకా రావాలి. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు.

ప్లీడరు: అక్కడికే వస్తున్నాను. ఈ మాట నడవడమే తిరగబడిపోయింది. రోములో నీ పక్కింటివాడి గోడ నీ ఇంటి వైపు ఒరిగిందనుకో. ఇంకా పడలేదు. ఇక్కడైతే నువ్వేం చేస్తావు?

డ్రైవరు: పిల్లల్ని అటు పోనివ్వను.

ప్లీడరు: చూశావా, భారమంతా నీదే అయిపోయింది. గోడ వాడిది, జాగ్రత్త నీది. రోములో అలా కాదు. నువ్వు న్యాయాధికారి దగ్గరికి వెళ్తావు. ఆయన గోడవాణ్ని పిలిచి, పడితే నష్టం నాదని పూచీ ఇమ్మంటాడు. దాని పేరు కౌతియో డామ్ని ఇన్‌ఫెక్టి, అంటే ఇంకా జరగని నష్టానికి పూచీ. ఇవ్వనంటే, ఒరిగిపోతున్న ఆ ఇంట్లోకి నిన్ను ప్రవేశపెట్టి కూర్చోబెట్టేవాడు. ప్రమాదం ఎవరిదో కాషన్ వాడిది. ఇప్పుడో? గుంత తవ్వినవాడు ‘జాగ్రత్త’ అని ఒక రేకు పాతేసి చేతులు దులుపుకుంటాడు. పడ్డవాణ్ని ‘బోర్డు చూళ్లేదా’ అంటారు.

డ్రైవరు: బాగుంది గాని, గోడ పడిపోతున్నప్పుడు కాయితం చూసి ఆగుతుందేటి? పూచీ ఇచ్చినోడు ఇల్లు కట్టించి ఇస్తాడేమో. కింద పడ్డ మనిషిని లేపి ఇస్తాడా?

ప్లీడరు: లేపలేడు. కాని డబ్బు కట్టాలని తెలిస్తే గోడని ముందే బాగుచేయించుకుంటాడు. పూచీ పని చేసేది గోడ పడ్డాక కాదు, పడకముందు.

డ్రైవరు: సరే, ఆ రోమోళ్లు అంత గొప్పోళ్లైతే ఇళ్ల ముందు బోర్డులు పెట్టుకోలేదా?

ఈ దెబ్బ ఊరికే తగిలించారు. తగలవలసిన చోటే తగిలింది. పాంపే నగరంలో, క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కప్పేసిన ఒక ఇంటి గుమ్మంలో, గొలుసుతో కట్టిన నల్లకుక్క బొమ్మ రంగురాళ్లతో నేలమీద పొదిగి ఉంది. దాని కింద, అదే కవేరెతో, ‘కావె కానెమ్’ అని రాసి ఉంది. మన గేట్ల మీద కనిపించే ‘కుక్క ఉన్నది జాగ్రత్త’కి అది ముత్తాత. ప్లీడరు గారు నిజాయితీగా ఆ సంగతి తనే చెప్పారు.

డ్రైవరు: అదీ! కవేరె అంటే పూచీ అన్నావు. కుక్క కరిస్తే సూదిమందుకి డబ్బులిస్తానని ఏ గుమ్మం మీదైనా రాసుందా? మనిషన్నాక రెండూ వాడతాడు బావా. ఇంటికి బోర్డు, కోర్టుకి కాయితం. నీకు కాయితం కావాలి గనక కాయితమే మూలం అంటావు.

ప్లీడరు: కోర్టు మాటలో ఆ బాధ్యత ఇంకా బతికే ఉంది. కేవియట్ ఉంది కదా, అదీ కవేరె పిల్లే. ‘అతడు జాగ్రత్తపడుగాక’ అని అర్థం. నా మీద ఎవరో దావా వేసి, నాకు తెలియకుండా స్టే తెచ్చుకుంటారని భయముంటే ముందే కేవియట్ వేస్తాను. 1976 సవరణతో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 148ఏ సెక్షన్‌గా చేరింది. తొంభై రోజులు బలం. వేసినవాడు ఊరుకోకూడదు, అవతలివాడికి రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపాలి. అవతలివాడు పిటిషన్ వేస్తే కోర్టు నాకు కబురు చెయ్యాలి, వాడు కాగితాల నకళ్లు నాకివ్వాలి. ఎవరు ఎవరికి ఏం చెప్పాలో అంతా రాసుంది. హెచ్చరించడమంటే అదీ.

డ్రైవరు: రాసుండడం మా దగ్గర లేదనుకున్నావేటి? నీ కేవియట్ నా కాషన్ ఆర్డరు ముందు చిన్నపిల్ల.

ఇక్కణ్నుంచి కాసేపు డ్రైవరు గారిదే రాజ్యం. ట్రాక్ మీద ఎక్కడైనా పని జరుగుతున్నా, వంతెన బలహీనపడినా, వరదకి గట్టు జారినా అక్కడ ‘కాషన్ పడింది’ అంటారట. బండి బయల్దేరే స్టేషన్లోనో, దారిలో నిర్ణయించిన స్టేషన్లోనో డ్రైవరుకీ గార్డుకీ కాగితం అందుతుంది: ఏ స్టేషన్ల మధ్య, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా, గంటకి ఎంత వేగం, ఎందుకు. తీసుకున్నట్టు సంతకం పెట్టాలి. ఒక నకలు స్టేషన్లో ఉండిపోతుంది. అసలు ఏ కాషనూ లేకపోతే ‘లేదు’ అని కూడా కాగితమే ఇస్తారు. దారిలో ఆ చోటికి 1200 మీటర్ల ముందు పసుపు కాషన్ బోర్డు వస్తుంది, ఒక కొస చేపతోకలా చీలి ఉంటుంది. తర్వాత అంకె రాసిన ముక్కోణపు బోర్డు. పని చోటు దాటి బండి మొత్తం బయటపడ్డాక గుండ్రటి బోర్డు. అది చూసేదాకా వేగం పెంచడానికి లేదు.

డ్రైవరు: పూర్వం కార్బన్ కాయితం పెట్టి చేత్తో రాసేవారు. వానాకాలంలో ఆ కాయితాలు మూర పొడుగుండేవి. రాత్రిపూట టార్చి పెట్టుకుని, అసిస్టెంటు పైకి చదువుతుంటే నేను మళ్లీ చెప్పేవాణ్ని. సిగ్నల్ కూడా అంతే. ఒక పసుపు వెలిగితే కాషన్: వచ్చే సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండు. రెండు పసుపులు వెలిగితే అటెన్షన్. కొత్తగా చేరిన కుర్రోళ్లు రెండు దీపాలంటే రెండింతల భయం అనుకుంటారు. కాదు, ఒకటే ఎక్కువ భయం.

ప్లీడరు: నా పని సుళువు చేసేశావు బావా! రాసిచ్చిన కాగితం, ఇచ్చినవాడి సంతకం, పుచ్చుకున్నవాడి సంతకం, దాచిన నకలు. ఇదే కౌతియో. రైల్వే తన ప్రమాదాన్ని దాచకుండా ఫలానా కిలోమీటరులో నా పట్టా బాగాలేదని ఒప్పుకుంటోంది. నేనన్న కొత్త కాషన్‌లోనే పాతది దాక్కుని ఉంది.

డ్రైవరు: సంతకం పెడితే బండి ఆగదు బావా. నువ్వు కోర్టులో ఉంటావు కాబట్టి నీకు సంతకంతో పనైపోతుంది. నాకు సంతకంతో పని మొదలవుతుంది. ఇంజన్లో ఒక యంత్రం ఉంటుంది. నిమిషంపాటు నేను ఏ మీటా ముట్టుకోకపోతే దీపం వెలుగుతుంది. కదలకపోతే బజరు మోగుతుంది. అప్పటికీ కదలకపోతే నన్నడక్కుండా బ్రేకేసేస్తుంది. దానికి నా సంతకం అక్కర్లేదు, నేను మేలుకుని ఉన్నానా అన్నదే కావాలి. మన జాగ్రత్త అన్న మాట ఏటి? మేలుకుని ఉండడమే కదా?

ప్లీడరు: అవును. సంస్కృతంలో జాగ్రత్ అంటే మేలుకుని ఉన్న స్థితి. హెచ్చరిక కూడా ఆ దారిదే. కన్నడంలో ఎచ్చర అంటే మెలకువ.

డ్రైవరు: రెండు మాటలున్నాయి మనకి, రెండూ మెలకువే. మన పెద్దలకి తెలిసిందే అది. కళ్లు తెరిచి ఉన్నోడే బతుకుతాడు.

ప్లీడరు: మెలకువగా ఉండవలసింది ఎవరు అన్నదే కదా నా తగువు. అందరూ బలహీనుడికే మెలకువ చెప్తారు.

డ్రైవరు: అది తర్వాత. ముందు ఇది చెప్పు. నీ కవేరెకి ముందు ఏటుంది? లాటినోళ్లకి ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా.

ప్లీడరు గారు వెంటనే జవాబు చెప్పలేదు. తెలియక కాదు. లాటిన్‌కీ సంస్కృతానికీ గ్రీకుకీ ఉమ్మడి తల్లి అయిన భాషలో ఆ ధాతువుకి అర్థం గమనించడం, కనిపెట్టడం. లాటిన్లో అది కవేరె అయింది. సంస్కృతంలో దాని చుట్టం కవి. కవి అంటే పద్యాలు రాసేవాడనేది తర్వాతి మాట. మొదట కనిపెట్టగలవాడు, లోచూపున్నవాడు. గురజాడ నడిచిన వీధులున్న ఊళ్లో కూర్చుని, కాషన్ ఆర్డరూ కవీ ఒక కడుపున పుట్టారని వింటే ఎవరికైనా కాస్త ఉషారు పుడుతుంది. నాకూ పుట్టింది. పైగా మన తెలుగులో ‘కనిపెట్టుకుని ఉండు’ అన్న పలుకుబడి ఉండనే ఉంది. చూడమనీ కాపాడమనీ రెండు పనులూ ఒక్క మాటలో చెప్తాం. డ్రైవరు గారికి మాత్రం కవులతో పని లేదు.

డ్రైవరు: అంటే అడుగున చూపే ఉంది. పూచీ మధ్యలో వచ్చింది. నీకు కావలసిన లోతుకి తవ్వి, అక్కడ జామీను దొరగ్గానే గునపం పక్కన పెట్టేశావు. ఇంకో గజం తవ్వితే నేను దొరికాను.

ప్లీడరు: నువ్వూ అక్కడే ఆపేస్తున్నావు కదా!

డ్రైవరు: నేను ఆపలేదు, నీకే అడుగు తగిలింది.

ప్లీడరు: సరే, చూపు ఒక్కటే చాలనుకునేవాళ్ల కథ ఒకటి విను. రోములో క్రాసస్ అని మహా ధనవంతుడు. పార్థియా మీద దండయాత్రకి బ్రిండిసి రేవులో సైన్యాన్ని ఓడలెక్కిస్తున్నాడు. ఒడ్డున ఒకడు కౌనస్ ఊరి అత్తిపళ్లు అమ్ముతూ ‘కౌనెయాస్’ అని అరుస్తున్నాడు. అది వాళ్ల చెవికి ‘కావె నె ఎయాస్’ అన్నట్టు కూడా వినిపిస్తుంది. జాగ్రత్త, వెళ్లకు అని. క్రాసస్ పట్టించుకోలేదు. క్రీ.పూ. 53లో కర్రే దగ్గర సైన్యమూ పోయింది, తనూ పోయాడు. సిసిరో ఈ కథ చెప్పి వెక్కిరించాడు. అలా వింటూ పోతే కాలు తట్టుకున్నా తుమ్మినా లెక్క వెయ్యాలి కదా అని.

డ్రైవరు: మా అమ్మ తుమ్మితే డ్యూటీకి అయిదు నిమిషాలు ఆగి వెళ్లమనేది. డ్యూటీకి పిలవొచ్చిన కాల్‌బాయ్ గుమ్మంలో నిలబడి ఉండేవాడు. ఆగితే చార్జిషీటు. నీ పళ్లవాడిది కాషన్ కాదు బావా, చప్పుడు. కాషన్‌కి కిలోమీటరుండాలి.

ప్లీడరు: ఇచ్చినవాడి పేరూ ఉండాలి. నేను అంటున్నదీ అదే.

ఇద్దరూ ఒక చోటికి వచ్చినట్టే అనిపించింది. రాలేదు. డ్రైవరు గారు తిత్లీని తెచ్చారు.

డ్రైవరు: 2018 అక్టోబరు 11, తెల్లవారుజామున తిత్లీ మా పలాస దగ్గరే తీరం దాటింది. ముందే చెప్పారు. కళింగపట్నంలో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, ఫోన్లకి మెసేజీలొచ్చాయి, గంగపుత్రులు పడవలు పైకి లాక్కున్నారు. చెప్పినోడు ఎవడికీ జామీను ఇవ్వలేదు. అయినా జనం మిగిలారు. అదే హెచ్చరిక లేకపోతే ఎంతమంది పోదురు?

ప్లీడరు: జనం మిగిలారు. ఉద్దానంలో మీ కొబ్బరిచెట్లు?

డ్రైవరు: చెట్టుకి కాళ్లున్నాయేటి? పడిపోయాయి. జీడిమామిడీ పడిపోయింది. కొబ్బరి మొక్క పెట్టి కాయ చూడాలంటే ఆరేడేళ్లు.

ప్లీడరు: కాళ్లున్నవాడికి హెచ్చరిక చాలు. కాళ్లు లేనిదానికి పూచీ కావాలి. ముసలాళ్లకి, మంచం మీద ఉన్నవాళ్లకి, చీకట్లో పెట్టెలో కూర్చున్న ప్రయాణికుడికి కూడా అంతే.

ఆ ఆఖరి మాట కావాలనే అన్నారో, జారిందో తెలీదు. డ్రైవరు గారి గొంతు మారింది. 2023 అక్టోబరు 29 సాయంత్రం చీకటిపడ్డాక, అలమండ, కంటకాపల్లి స్టేషన్ల మధ్య, ముందు వెళ్తున్న విశాఖ - పలాస ప్యాసింజరుని వెనకనుంచి విశాఖ - రాయగడ ప్యాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆ రెండు బళ్లూ తెలియని ఊరు లేదు. కూలికీ ఆస్పత్రికీ చదువుకీ వాటిలోనే తిరుగుతారు.

డ్రైవరు: ఆటోమేటిక్ సిగ్నళ్లు పాడయ్యాయి. పాడైన సిగ్నల్ దగ్గర చీకటివేళ రెండు నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత పది కిలోమీటర్ల వేగంతో, ముందు ఏదో ఉందనే అనుకుని, కళ్లు పొడుచుకుని వెళ్లాలి. అది పాటించలేదని ప్రాథమిక విచారణలో రాశారు. ఎవరి మీద రాశారో ఆయనా ఆ 14 మందిలో ఉన్నాడు. నేను ఇంకేం చెప్పను. నా మాట ఒకటే, ఆ రెండు నిమిషాలే కాషన్. నీ జామీను ఆ రెండు నిమిషాల్లో ఎక్కడుంది?

ప్లీడరు: సిగ్నల్ పాడవకుండా చూడవలసినవాడి దగ్గరుంది. పాడైతే వెనక బండిని దానంతటదే ఆపే కవచ్ ఆ లైన్లో అప్పటికి లేదు. పెట్టవలసినవాడి దగ్గరుంది. రెండు నిమిషాలు ఒక మనిషివి. ముందరి ఏళ్లన్నీ ఎవరివి?

డ్రైవరు గారు దీనికి జవాబివ్వలేదు. ఒప్పుకున్నారని కాదు, ఆయన ఒప్పుకోలేదు. ఆ రాత్రి గురించి మాట్లాడడం ఆయనకి ఇష్టం లేదు, అంతే. నా మట్టుకు నాకు ప్లీడరు గారి ప్రశ్న సరైనదే అనిపించింది గాని, అడిగిన తీరు కోర్టు తీరు.

డ్రైవరు: ఇంకోటి చెప్తాను. 2013 నవంబరు 2, దీపావళికి ముందు రోజు. గొట్లాం దగ్గర. బొకారో ఎక్స్‌ప్రెస్‌లో ఎవరో ‘మంట, మంట’ అన్నారు. చైన్ లాగారు. చీకట్లో దిగి పక్క లైన్లో నిలబడ్డారు. అటునుంచి రాయగడ ప్యాసింజరు వచ్చేసింది. కనీసం 8 మంది పోయారు. బండిలో మంట లేదు. 2022 ఏప్రిల్ 11న శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గర అచ్చం ఇదే కథ. గౌహతి ఎక్స్‌ప్రెస్‌లో పొగ అని దిగారు, కోణార్క్ కొట్టేసింది. కనీసం 5 మంది పోయారు. ఇప్పుడు చెప్పు. అక్కడ చంపింది అజాగ్రత్తా, జాగ్రత్తా?

ప్లీడరు: పూచీ లేని జాగ్రత్త.

డ్రైవరు: చూపు లేని జాగ్రత్త. పెట్టెలో కళ్లు తెరిచారు, పట్టాల మీద మూసుకున్నారు.

ప్లీడరు: వాళ్లకి ఎవరు చెప్పారు బావా? చైన్ పక్కన ఏం రాసుంటుంది? సరైన కారణం లేకుండా లాగితే వెయ్యి రూపాయల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. పూచీ తిరగేసి ప్రయాణికుడి చేతే రాయించుకున్నట్టుంది. ఆగిన బండి ఏ వైపు దిగాలో ఒక్క ముక్క లేదు. చట్టం కాస్త నయం. రైల్వే చట్టంలో 1994లో 124ఏ చేర్చారు. బండిలోంచి ప్రమాదవశాత్తూ పడినవాడికి రైల్వే తప్పు రుజువు చెయ్యకపోయినా పరిహారమివ్వాలి. 2017 జనవరి 1 నుంచి ప్రాణానికి 8 లక్షలు. కాని అది కుటుంబానికి. బోర్డు బతికున్నవాడికి కదా.

డ్రైవరు: ఏ వైపని రాయిస్తావు? మన బళ్లు ఎడమ లైన్లో నడుస్తాయి కాబట్టి ఎడమ వైపు దిగండి అని రాయించావనుకో. కొత్తవలస నుంచి విజయనగరం దాకా ఇప్పటికే మూడు లైన్లు. మధ్య లైన్లో బండి ఆగితే రెండు వైపులా పట్టాలే.

ప్లీడరు: అప్పుడు?

డ్రైవరు: అప్పుడు దిగకూడదు. నేను ఫ్లాషర్ లైటు వేస్తాను, ఎదురొచ్చే డ్రైవరు చూస్తాడు. గార్డు వెనక్కి నడిచి 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక పటాకా, 1200 మీటర్ల దగ్గర మూడు పెడతాడు. ఆ నడకకి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసా? ఆ లోపల జనం పెట్టెలోనే ఉండాలి.

ప్లీడరు: పెట్టెలో నిజంగానే పొగ ఉంటే?

డ్రైవరు: పక్క పెట్టెలోకి నడవాలి. వెస్టిబ్యూల్ ఉంటుంది కదా. అది రాయించు చైన్ పక్కన. పిటిషన్ నువ్వు రాయి, లైన్లూ కిలోమీటర్లూ నేను చెప్తాను.

ప్లీడరు: మనవాళ్లు ఎక్కేది జనరల్లో బావా. జనరల్ పెట్టెకి వెస్టిబ్యూల్ ఉంటుందా?

డ్రైవరు: పాత పెట్టెలకి లేదు.

ప్లీడరు: మరి?

డ్రైవరు: మరేటి, మొదటి పేరాలో అదే పెట్టు.